'పెరగలేదు' అని రాసే ముందు

  ఇవాళ పట్టా పుచ్చుకుంటున్న నర్సింగ్, ల్యాబ్ టెక్నాలజీ పిల్లల కోసం ఇంగ్లీషులో ప్రసంగం రాసుకొచ్చాను. మెట్లెక్కుతుంటే ప్రిన్సిపాల్ గారు, "ముందు వరుసల్లో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల పిల్లలే మేడమ్, తెలుగులో మాట్లాడేయండి, మిగతావాళ్లకు పక్కవాళ్లు చెప్తారు" అన్నారు. కాగితాలు సంచిలోనే ఉండిపోయాయి. తడబడితే తప్పు ఆయనదే.

నేను పెరిగింది ఈ భిలాయి మరోదాలోనే. చెరువు గట్టున మాకో ఆట ఉండేది. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గాక, ఒడ్డు బురదలో కర్ర గుచ్చి లాగేవాళ్లం. బుడబుడమని బుడగలు వచ్చేవి. పైపైన మట్టి గోధుమ రంగు. కర్ర చివర అంటుకున్నది మాత్రం కాటుక నలుపు, కుళ్లిన గుడ్డు కంపు. ఎవరి కర్రకు ఎక్కువ నలుపు అంటితే వాళ్లది గెలుపు. ఇంటికెళ్లాక అందరికీ సమానంగా తిట్లు.

ఆ బుడగలు ఊదుతున్నదెవరో చాలా ఏళ్లకు మైక్రోబయాలజీ తరగతిలో తెలిసింది. ఎనరోబ్‌లు, అంటే గాలి గిట్టని సూక్ష్మజీవులు. 1861లో పాశ్చర్ ఇలాంటివి ఉన్న ఓ చుక్క ద్రవాన్ని గాజు పలకల మధ్య పెట్టి సూక్ష్మదర్శినిలో చూశాడు. చుక్క మధ్యలో ఉన్నవి హుషారుగా ఈదుతున్నాయి. గాలి తగిలే అంచుకు వచ్చినవి కదలిక మానేసి పడి ఉన్నాయి. మనం ప్రాణవాయువు అని పేరు పెట్టుకున్నదే వాటి ప్రాణం తీస్తుంది. ఆక్సిజన్ వల్ల కణంలో పుట్టే విషాలను విరగ్గొట్టే ఎంజైములు వాటిలో చాలావాటికి ఉండవు, ఉన్నా చాలవు.

ఆక్సిజన్ సంగతి భిలాయి పిల్లలకు వేరే చెప్పాలా? 1959 ఫిబ్రవరి 4న రాజేంద్ర ప్రసాద్ గారు ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పట్నుంచి ఈ ఊరి పనే అది. దల్లీ రాజహరా గనుల నుంచి ఎర్రరాయి వ్యాగన్లు వస్తాయి, ఆ రాయిలోంచి ఆక్సిజన్‌ను ఊడబెరికి ఇనుము తీస్తాం. ఆ ఇనుము మళ్లీ ఆక్సిజన్‌ను పట్టుకుంటే తుప్పు.

తుప్పంటే గుర్తొచ్చింది. మా క్వార్టర్లలో ఎవరి కాల్లోనైనా మేకు దిగితే, "తుప్పు పట్టిన ఇనుము, టీటీ సూది వేయించండి" అనేవారు. సూది మాట నిజమే. ఇనుము మీద వేసిన నింద మాత్రం అన్యాయం. జబ్బు తెచ్చేది క్లాస్ట్రిడియం టెటాని, అదీ గాలి గిట్టని బ్యాక్టీరియానే. దాని బీజాలుండేది మట్టిలో, పశువుల పేడలో. మేకు వాటిని లోపలికి మోసుకెళ్తుంది, అంతే. సన్నటి లోతైన గాయం పైన మూసుకుపోతుంది. అడుగున నలిగిన కండకు రక్తం అందదు, గాలి అందదు. బీజం కళ్లు తెరవడానికి అంతకంటే ఏం కావాలి? అది వదిలే విషం నరాల వెంబడి పైకి పాకుతుంది. దవడ బిగుస్తుంది, నడుము విల్లులా వంగుతుంది. ధనుర్వాతం అని పేరు పెట్టినవాడెవరో గాని రోగిని దగ్గరుండి చూసినవాడే. 1889లో కిటసాటో అనే శాస్త్రవేత్త ఈ బ్యాక్టీరియాను విడిగా పెంచగలిగాడు. మరుసటి ఏడాదే బేరింగ్‌తో కలిసి విరుగుడు సీరం దారి చూపించాడు.

పెద్దవాళ్ల సంగతి అలా ఉంచండి. బొడ్డు కోసిన బ్లేడు శుభ్రంగా లేకపోయినా, కోసిన చోట పేడో బూడిదో అద్దినా పసిగుడ్లకు ఇదే వచ్చేది. పంజాబులో దీన్ని ఎనిమిదో రోజు జబ్బు అనేవారు. బిడ్డ పాలు తాగడం మానేశాడని తల్లి గమనించేసరికే ఆలస్యమైపోయేది. మన దేశంలో దీన్ని నిర్మూలించినట్టు మొదట నిర్ధారణైన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, 2003లో. దేశం మొత్తం ఆ గీత దాటింది 2015లో. గీత అంటే, ప్రతి జిల్లాలోనూ ప్రాణాలతో పుట్టిన వెయ్యి మంది బిడ్డలకు ఒక కేసు కంటే తక్కువే ఉండాలి. ఆ పని చేసింది గర్భిణులకు వేసిన సూది, శుభ్రమైన చేతులు, కొత్త బ్లేడు. నర్సమ్మలూ, అది మీ ముందుతరం చేసిన పని. అన్నట్టు, పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాయడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. తేనెలో బొటులినం అనే మరో గాలి గిట్టని బ్యాక్టీరియా బీజాలుండొచ్చు. ఏడాది నిండేదాకా వద్దని నాయనమ్మలతో మీరే తగువు పెట్టుకోవాలి. నేను పెట్టుకుని ఓడిపోయాను.

అసలు చెప్పాలనుకున్నది ఇంకోటి. వేరే ఊళ్లో, నేను ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగానికి చేరిన కొత్తలో జరిగింది. షుగర్ ఉన్న ఓ కూలీ, పాదానికి పుండు. వార్డు నుంచి దూది పుల్లకు చీము అద్ది పంపారు. సాయంత్రమైందని దాన్ని ఫ్రిజ్‌లో పెట్టించాను. గాలికి చచ్చేవాటిని గాలిలో ఆరబెట్టి, పైగా చలికి పడుకోబెట్టానన్నమాట. పొద్దున స్లైడు చూస్తే సన్నటి ఎర్ర కడ్డీల్లాంటి బ్యాక్టీరియా బోలెడు కనిపించాయి. ప్లేటు మీద మాత్రం రెండు రోజులైనా ఏమీ లేదు. "బ్యాక్టీరియా పెరగలేదు" అని రాసి సంతకం పెట్టాను. స్లైడు ఒకటి చెప్తోంది, ప్లేటు ఇంకోటి చెప్తోంది. నేను ప్లేటునే నమ్మాను.

మర్నాడు వార్డుకెళ్తే గుమ్మంలోనే ఆయమ్మ ఆపింది. "ఏమీ లేదని రాశారంట గదమ్మా? ఆ మంచం దగ్గరికి ముక్కు మూసుకోకుండా ఒక్కసారి రండి చూద్దాం." వెళ్లాను. ఆ కంపు నాకు కొత్త కాదు. మరోదా చెరువు కర్ర చివర చూసిందే.

ఈసారి సిరంజితో లోతుగా చీము లాగి, గాలి బుడగ బయటికి తోసి, నేనే పరుగున ల్యాబుకు తెచ్చాను. రక్తం కలిపిన ప్లేటు మీద గీసి, పైన మెట్రోనిడజోల్ బిళ్ల ఒకటి పెట్టి, ఆక్సిజన్ తీసేసిన జాడీలో మూశాను. రెండు రోజులకు మూత తీస్తే ప్లేటు నిండా సూదిమొనంత బూడిద రంగు చుక్కలు. బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ జాగా. గాలిలో పెట్టిన ప్లేటు ఈసారీ శుభ్రంగానే ఉంది. సర్జన్ మందు మార్చారు. అప్పటికి ఆ మనిషికి సగం పాదం పోయింది. అందులో నా రెండు రోజుల వాటా ఎంతో ఎవరూ తేల్చలేరు. నేను నా ఖాతాలోనే రాసుకున్నాను.

ఆ మెట్రోనిడజోల్ కథ కూడా ఇలాంటిదే. ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి కోసం దాన్ని వాడిన ఒకామె, తన చిగుళ్ల పుండు కూడా మానిపోయిందని చెప్పింది. షిన్ అనే దంతవైద్యుడు ఆ మాటను కొట్టిపారేయకుండా 1962లో లాన్సెట్‌లో రాశాడు. గాలి గిట్టని బ్యాక్టీరియా మీద అది పనిచేస్తుందని అలా బయటపడింది. వైద్యులకు తట్టనిది రోగి నోట వచ్చింది.

ఆ పాదం తర్వాత మా ల్యాబులో రిపోర్టు మాట మార్పించాను. "బ్యాక్టీరియా పెరగలేదు" తీసేసి, "గాలి తగిలే పద్ధతిలో మాత్రమే పెంచాం, అందులో పెరగలేదు" అని రాయమన్నాను. గడిలో అంత పట్టదని గుమాస్తా గారు గొడవ పెట్టుకున్నారు. ఇప్పటికీ చీమ తలకాయలంత అక్షరాలతో, గడి దాటి పక్క గడిలోకి పోనిస్తూ రాస్తున్నారు.