మన డబ్బుపెట్టె తాళం మన చేతిలోనే ఉండాలి
(సంఘం యువజన సదస్సులో పెద్దల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో ఎప్పుడూ మన భాష గురించి, మన పండుగల గురించి, గుస్సాడి, థింసా, కొమ్ము నృత్యాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి అప్పు గురించి, పొదుపు గురించి మాట్లాడదలిచాం. సాంస్కృతిక సంఘానికి డబ్బు లెక్కలతో ఏం పని అని కొందరు అడిగారు. పని ఉంది. మన తాతల భూములు ఎలా పోయాయో మీ ఊళ్లో పెద్దవాళ్లను అడిగి చూడండి. బలవంతంగా లాక్కున్నవి కొన్ని. షావుకారు పద్దు పుస్తకంలో వడ్డీ కింద కరిగిపోయినవి కూడా తక్కువేమీ కాదు. భూమి పోతే ఊరు చెదురుతుంది. ఊరు చెదిరిన తర్వాత కొత్తల పండుగ ఎవరితో చేస్తాం, ఎక్కడ చేస్తాం?

పాత పద్ధతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వానాకాలంలో ఇంట్లో గింజలు నిండుకునేవి. ఉప్పు, గుడ్డ, బియ్యం కోసం షావుకారు దగ్గరికి వెళ్లేవాళ్లు. పంట చేతికొచ్చాక, చింతపండు కొట్టాక, సంతలో ఆయన చెప్పిందే ధర, ఆయన తూచిందే తూకం. అప్పు తీరకపోతే మనిషే వెళ్లి ఆయన ఇంట్లో పని చేయాలి. విశాఖ ఏజెన్సీలో దాన్ని గొత్తి అనేవారు.

దీన్ని ఆపడానికి చట్టాలు రాలేదా అంటే, వచ్చాయి. 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం తెచ్చింది. గిరిజనుల దగ్గర ఏడాదికి నూటికి 24 కంటే ఎక్కువ వడ్డీ తీసుకోకూడదు, చక్రవడ్డీ వేయకూడదు, మొత్తం వడ్డీ అసలును మించకూడదు అని అందులో ఉంది. ఆ తర్వాత 1959లో భూ బదలాయింపు నిబంధనలు, 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల వడ్డీ వ్యాపారుల నిబంధనలు, 1970లో మనమంతా 'వన్ ఆఫ్ సెవంటీ' అని పిలుచుకునే సవరణ వచ్చాయి. 1956లో గిరిజన సహకార సంస్థ, అంటే మన జి.సి.సి., విశాఖపట్నం కేంద్రంగా మొదలైంది. అడవి సరుకు కొనడానికి, డిపోల్లో నిత్యావసరాలు అమ్మడానికి ఒక దారి ఏర్పడింది.

ఇవన్నీ మనకు కంచె లాంటివి. వాటిని కాపాడుకోవాల్సిందే. అయితే కంచె పంటను కాపాడుతుంది గానీ, పంట పండించదు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే చట్టం వచ్చి ఆటో కిరాయి ఇవ్వదు. ఆ రాత్రి డబ్బు ఎవరి దగ్గర దొరుకుతుందో, వాళ్ల మాటే మర్నాటి నుంచి మన ఇంట్లో చెల్లుతుంది. అందుకే ఆ డబ్బు మన దగ్గరే, మనందరి పేరు మీదే ఉండే ఏర్పాటు గురించి ఈరోజు చెబుతున్నాం. ప్రపంచంలో చాలాచోట్ల దాన్ని క్రెడిట్ యూనియన్ అంటారు. మన దగ్గర పొదుపు పరపతి సంఘం అంటాం.

ఈ ఆలోచన కష్టకాలంలో పుట్టింది. జర్మనీలో 1846–47 కరువు రోజుల్లో రైఫైజెన్ అనే ఊరి మేయరు జనాన్ని కూడగట్టి రొట్టెల కోసం ఒక సంఘం పెట్టించాడు. దానాలతో ఎంతోకాలం నడవదని ఆయనకు అర్థమైంది. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్ అనే ఊళ్లో, తీసుకునేవాళ్లే సభ్యులుగా, సభ్యులే యజమానులుగా ఉండే అప్పుల సంఘం మొదలుపెట్టాడు. కెనడాలో 1900లో లెవీ అనే ఊళ్లో దెజార్దాఁ అనే ఆయన ఇదే బాటలో ఒక సంఘం పెట్టాడు. 1901 జనవరిలో డబ్బు తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు మొదటి డిపాజిట్ 10 సెంట్లు. ఆ రోజు మొత్తం వసూలైంది 26 డాలర్ల 40 సెంట్లు. అమెరికాలో మొదటి క్రెడిట్ యూనియన్‌ను 1908లో మాంచెస్టర్ అనే ఊరి మిల్లు కార్మికులు పెట్టుకున్నారు. దానికి సాయపడిందీ దెజార్దాఁనే.

ఈ ఆలోచన మన దేశానికి వచ్చింది మద్రాసు దారినే. ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి 1890లలో యూరప్ సంఘాలను పరిశీలించి, ఇక్కడా అలాంటివే కావాలని మద్రాసు ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. 1904లో దేశంలో మొదటి సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది.

ఇప్పుడు మనకు బాగా దగ్గరగా ఉండే ఒక సంఘం గురించి చెబుతాం. అమెరికాలో దక్షిణ డకోటా రాష్ట్రంలో పైన్ రిడ్జ్ అనే ఆదివాసీ ప్రాంతం ఉంది. ఓగ్లాలా లకోటా ప్రజలది. 1890లో వూండెడ్ నీ ఊచకోత జరిగింది అక్కడే. 1887 నాటి ఒక చట్టంతో వాళ్ల ఉమ్మడి భూమిని ముక్కలు చేసి పంచారు. మిగిలిన భూమిలో చాలావరకు ప్రభుత్వం ట్రస్టు కింద ఉంటుంది. ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని తాకట్టు పెట్టడానికి వీల్లేదు. భూమికి అది రక్షణే. కానీ తాకట్టు లేదని బ్యాంకులు అప్పు ఇవ్వడానికి వెనకాడేవి. మన ఏజెన్సీ భూముల విషయంలో బ్యాంకుల దగ్గర మనం వినే మాట కూడా ఇలాంటిదే కదా!

ఆ ప్రాంతంలో కైల్ అనే చిన్న ఊరు ఉంది. జనాభా సుమారు వెయ్యి. బ్యాంకు పని ఉంటే రాపిడ్ సిటీ లాంటి బయటి పట్నాలకు పోవాలి. కారులో వెళ్లినా గంటన్నర పడుతుంది. జీతం రాకముందే చేతిలో డబ్బు పెట్టి, వందల శాతాల వడ్డీ గుంజే దుకాణాలు ఆ రాష్ట్రంలో ఉండేవి. 2016లో ప్రజలు ఓటు వేసి ఆ వడ్డీకి 36 శాతం హద్దు పెట్టేవరకు అది నడిచింది.

1986లో ఆ లకోటా వాళ్లే కొందరు కలిసి లకోటా ఫండ్స్ అనే సంస్థ పెట్టారు. మొదట్లో బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు తరహాలో చిన్న బృందాలకు చిన్న అప్పులు ఇచ్చారు. అప్పుతో పాటు లెక్కలు రాయడం, వ్యాపారం చేయడం నేర్పారు. పాతికేళ్లు అలా నడిచాక, అప్పు ఇవ్వడం ఒక్కటే చాలదని, మనవాళ్ల పొదుపు కూడా మన దగ్గరే ఉండాలని నిశ్చయించుకున్నారు. 2012లో కైల్‌లో లకోటా ఫెడరల్ క్రెడిట్ యూనియన్ మొదలైంది. డిపాజిట్లకు ప్రభుత్వ బీమా ఉన్న ఆర్థిక సంస్థ ఆ ప్రాంతంలో అదే మొదటిది. ఆలోచించండి: 1986 నుంచి 2012 వరకు, ఇరవై ఆరేళ్లు. తొందరపడలేదు, వదిలిపెట్టనూ లేదు.

ఇలాంటి యూనియన్ సభ్యుడికి ఏం చేస్తుంది? మొదట ఒక పొదుపు ఖాతా. దాన్ని వాళ్లు షేరు ఖాతా అంటారు, ఎందుకంటే అందులో డబ్బు వేసిన ప్రతి మనిషీ వాటాదారే. వెయ్యి డాలర్లు దాచినా, పది డాలర్లు దాచినా ఓటు మాత్రం ఒక్కటే. బోర్డును సభ్యులే ఎన్నుకుంటారు. మిగులు బయటి యజమానికి పోదు. వడ్డీ తగ్గింపుగానో, డిపాజిట్ మీద రాబడిగానో సభ్యులకే తిరిగి వస్తుంది. బస్సుల్లేని చోట పనికి పోవాలంటే పాత కారైనా కావాలి కాబట్టి వాహన అప్పు ఉంటుంది. అత్యవసరానికి చిన్న అప్పు ఉంటుంది. 2010లో తెచ్చిన నియమాల ప్రకారం ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు 200 నుంచి 1,000 డాలర్ల దాకా, ఒకటి నుంచి ఆరు నెలల గడువుతో చిన్న అప్పులు ఇవ్వవచ్చు. వడ్డీ ఏడాదికి 28 శాతం దాటకూడదు. ఆ చిన్న అప్పును వాయిదాల ప్రకారం తీరిస్తే సభ్యుడికి మంచి పేరు నమోదవుతుంది, రేపు పెద్ద అప్పుకు అదే పనికొస్తుంది.

ఇది చూసి మనం ఏం చేయవచ్చు? మన ఇళ్లలో అమ్మలు, అక్కలు డ్వాక్రా సంఘాల్లో ఎన్నో ఏళ్లుగా పొదుపు చేస్తున్నారు. ఈ విద్యలో వాళ్లే మనకు గురువులు. యువకులే వెనకబడి ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. దీన్నే మాక్స్ చట్టం అంటారు. వేర్వేరు కుటుంబాలకు చెందిన కనీసం పదిమంది కలిస్తే సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. ప్రభుత్వ వాటా ధనం ఉండదు కాబట్టి పెత్తనం సభ్యులదే. అయితే ఎన్నికలు, ఏటా ఆడిట్, సర్వసభ్య సమావేశం తప్పనిసరి. తెలుగు నేల మీద ఇలాంటి స్వయం పాలన ఎంత దూరం నడవగలదో చూడాలంటే ముల్కనూరు వెళ్లండి. 1956లో రైతులు పెట్టుకున్న సహకార బ్యాంకు అక్కడ ఈనాటికీ నడుస్తోంది.

లెక్క ఒకటి చూద్దాం. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి 10,000 తెచ్చారనుకోండి. నెలకు 300, ఏడాదికి 3,600. అసలు మాత్రం అలాగే ఉంటుంది. అదే సంఘంలో నూటికి రూపాయి వడ్డీ అయితే ఏడాదికి 1,200. మిగిలిన 2,400 మీ ఇంట్లోనే ఉంది. పైగా ఆ 1,200 కూడా బయటికి పోలేదు, మీ సంఘం పెట్టెలోనే చేరింది. ఇక 50 మంది నెలకు తలా 100 రూపాయలు వేస్తే నెలకు 5,000, ఏడాదికి 60,000. అయిదేళ్లకు, వడ్డీ లెక్కలోకి తీసుకోకుండానే, 3 లక్షలు. నెలకు వంద అంటే మీలో చాలామంది ఫోన్ రీఛార్జికి పెట్టే ఖర్చు కంటే తక్కువే.

మంచి మాటలతో పాటు హెచ్చరికలు కూడా చెప్పాలి. పొదుపు సంఘం పేరు పెట్టుకుని జనం డబ్బుతో పారిపోయినవాళ్లూ ఉన్నారు. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల వరకు బీమా ఉంటుంది. మాక్స్ సంఘంలో వేసే డబ్బుకు ఆ బీమా లేదు. కాబట్టి అక్కడ కాపలా మనమే. ఎక్కువ వడ్డీ ఇస్తామని బయటివాళ్ల నుంచి డిపాజిట్లు తీసుకునే సంఘం జోలికి పోవద్దు. మన సంఘంలో సభ్యులకే అప్పు ఇవ్వాలి, పొదుపును బట్టే ఇవ్వాలి. ప్రతి సమావేశంలో పద్దు బిగ్గరగా చదవాలి. డబ్బు పట్టేవారు ఒకరు, లెక్క రాసేవారు మరొకరు ఉండాలి. అధ్యక్షుడి తమ్ముడైనా, సర్పంచి కొడుకైనా వాయిదా తప్పితే అందరికీ ఉన్న నియమమే వర్తించాలి. అన్నిటికంటే కష్టమైనది ఇదే. మనది బంధుత్వాల సమాజం, మొహమాటం ఎక్కువ. బంధువు అడిగితే కాదనలేం. కానీ పెట్టెలో ఉన్నది మన సొంత డబ్బు కాదు, ఇంకో నలభై తొమ్మిది ఇళ్ల డబ్బు. అది గుర్తుంటే మొహమాటం దానంతటదే తగ్గుతుంది.

ఇక మీ ఫోన్లలో ఉన్న కొత్త షావుకారు గురించి. అయిదు నిమిషాల్లో అప్పు అనే యాప్‌ల వల్ల మన పిల్లలు కొందరు పరువు పోతుందని భయపడి చదువులు మానుకున్నారు. ఫోన్‌లో ఉన్న నంబర్లు, ఫొటోలు అప్పు యాప్‌లు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే నియమం పెట్టింది. అప్పు ఇచ్చే ముందు ఏడాదికి పడే మొత్తం ఖర్చు ఎంతో రాతపూర్వకంగా చూపించాలి. అది చూపకుండా, నంబర్లకు అనుమతి అడిగే యాప్‌ను అక్కడే తీసేయండి. ఇప్పటికే చిక్కుకుని ఉంటే ఇంట్లో చెప్పండి, 1930కి ఫోన్ చేయండి. ఒంటరిగా భరించకండి. షావుకారు ఎప్పుడూ ఒంటరిగా ఉన్న మనిషినే వెతుక్కుంటాడు, పాతకాలంలోనూ అంతే, ఈ కాలంలోనూ అంతే.

ఈ సదస్సు నుంచి మీరు మూడు పనులు తీసుకెళ్లాలని కోరుతున్నాం. ఒకటి, మీ ఇంట్లో అమ్మ దగ్గర కూర్చుని డ్వాక్రా పద్దు పుస్తకం చదవండి, అర్థం కానిది అడగండి. రెండు, మీ ఊళ్లోనో, మీ హాస్టల్ బ్యాచ్‌లోనో నమ్మకమైన పదిమందిని కూడగట్టి, రిజిస్ట్రేషన్ గురించి ఆలోచించే ముందు ఒక ఏడాది పాటు నెలకు వంద చొప్పున దాచి, లెక్క తప్పకుండా రాసి చూడండి. ఏడాదంతా తప్పకుండా నడిస్తేనే తర్వాతి అడుగు. మూడు, బి.కాం., ఎం.కాం. చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఏడాదికి రెండు రోజులు మన ఊళ్ల సంఘాల లెక్కలు చూసిపెట్టండి. మన సంఘానికి మీరు ఇవ్వగల పెద్ద చందా అదే.

పది సెంట్లతో లెవీలో మొదలైంది. ఇరవై ఆరేళ్ల ఓపికతో కైల్‌లో నిలబడింది. వాళ్ల దగ్గర ఉండి మన దగ్గర లేనిదేమీ లేదు. కలిసి పండించుకోవడం, కలిసి తినడం మన పెద్దలు మనకు నేర్పారు. కలిసి దాచుకోవడం కూడా ఆ వరసలో చేర్చుదాం.