చోటు పెంచుట, సొత్తు కాచుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన గ్రంథాలయపు ల్యాప్‌టాపు నిండిపోయినది. అందు పుస్తకముల పట్టిక, చందాదారుల ఖాతా, పాత పుస్తకముల పుటల ఛాయాచిత్రములు కలవు. ఆ పుటలలో కొన్ని చెదలపాలైనందున ఇప్పుడు చిత్రములే మిగిలినవి. పాతవి తుడిచివేయుదమని కొందరును, పట్టణమునకు పంపి పెద్ద డిస్కు వేయింతమని కొందరును అనుచున్నారు. లెక్కలు వ్రాసి జీవించువాడను గనుక లెక్కచొప్పుననే మనవి చేసెదను.

ముందుగా ఒక భ్రమను తొలగింపవలెను. ర్యామ్ చదువుకొను బల్ల వంటిది. డిస్కు బీరువా వంటిది. బల్ల పెద్దదైనచో పని త్వరపడును గాని పుస్తకములకు చోటు పెరుగదు. మనకు వలసినది బీరువా.

దానిని నింపినదేది? కంప్యూటరులో తెలుగు సంకేతము ఒక్కొక్కటి సాధారణముగా 3 బైట్లు పట్టును. పుటకు 1,500 సంకేతములన్నచో 4,500 బైట్లు. ఒక గిగాబైటు, అనగా నూరు కోట్ల బైట్లలో, రెండు లక్షల పుటలకు పైగా ఇముడును. ఒక్క పుటను 3 మెగాబైట్ల చిత్రముగా తీసినచో ఆరువందలకు పైగా పుటల అక్షరముల చోటు పోవును. కావున ఖాతాలను తుడిచినందున లాభము లేదు. ఒకే చిత్రమునకు గల రెండు మూడు నకళ్లను, అక్కరలేని వీడియోలను వెదకి తీయుటయే మేలు.

అయినను చోటు చాలనిచో డిస్కు మార్పవలసినదే. కాని పెద్ద బీరువా రక్ష కాజాలదు. నన్నయభట్టు 11వ శతాబ్దమున ఆరంభించిన భారతము నేటికిని మనకు దక్కినది ప్రతులు పెక్కులగుటచేతనే గదా! 19వ శతాబ్దమున బ్రౌను దొర వేతనములిచ్చి లేఖకులను, పండితులను నియమించి, తాళపత్ర ప్రతులను సేకరించి, పాఠములను సరిచూపించి, క్రొత్త ప్రతులు వ్రాయించెను. ఆ మార్గమే మనకును శరణ్యము.

కావున మొదటి పని నకలు. మొత్తము మూడు ప్రతులు ఉండవలెను. అవి రెండు విధములైన సాధనములపై ఉండవలెను. ఒకటి వేరొక యింట ఉండవలెను. ల్యాప్‌టాపులోని ఫైళ్లను బయటి డిస్కునకు తరలించి లోపల తుడిచినచో చోటు పెరుగునే గాని, ప్రతి ఒక్కటియే మిగులును. చిట్టాను ఆవర్జాతో సరిచూచునట్లు ఫైళ్ల సంఖ్యను, పరిమాణమును పోల్చి, కొన్నింటిని తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు నకలు కాదు.

రెండవది, యంత్రమును ఎరుగుట. కొన్నింట 2.5 అంగుళముల డిస్కు, కొన్నింట ఎం.2 పలక ఉండును. ఎం.2లోను సాటా, ఎన్‌వీఎంఈ అను భేదము కలదు. కొన్నింట డిస్కు బోర్డునకే అతికియుండును. వానిని మార్పరాదు, బయటి డిస్కే గతి. బిట్‌లాకర్ తాళమున్నచో 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను ముందే కాగితముపై వ్రాసి, ల్యాప్‌టాపునకు దూరముగా భద్రపరుపవలెను. అది లేనిచో మన సొత్తే మనకు తెరువబడకపోవచ్చును.

క్రొత్త డిస్కునకు యథాతథముగా నకలు దింపిన పిమ్మట అధికమైన చోటు కనబడకున్న భయపడనక్కరలేదు. విభాగమును విస్తరించిన కనబడును.

ఇక పాత డిస్కు. క్రొత్తది నెలరోజులు సరిగా నడచువరకు దానిని తాకరాదు. పిదప తుడువక ఎవరికిని ఈయరాదు. ఫైలును తొలగించుట యనగా తరచుగా విషయసూచికలో పేరు కొట్టివేయుటయే; పుటలు లోపల నుండవచ్చును. చందాదారుల చిరునామాలు, ఫోను సంఖ్యలు మనయందు విశ్వాసముతో ఒప్పగింపబడినవి.

కావున కార్యవర్గమునకు నా మనవి: క్రొత్త డిస్కుతో పాటు రెండు బయటి డిస్కులకును సొమ్ము మంజూరు చేయుడు. ప్రతి నెల మొదటి ఆదివారమున నకలు తీయు భారమును ఒక్కరి పేర వ్రాయుడు. తీసిన తేదీని పుస్తకమున నమోదు చేయింపుడు. ఆ నమోదు కనబడనంతవరకు ల్యాప్‌టాపు గ్రామము దాటరాదు.

ఇరువదియైదేండ్లు పుస్తకములను కాచిన చేతులకు ఇది భారము కాదు. సెలవు.