గడపలోపలి చెర
(కంచిలి ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



ఆలుమగల తగవు మన యెదుటికి వచ్చినపుడు మనము మొదట అడుగు ప్రశ్న "కొట్టినాడా?" అనునదియే. దెబ్బలు కానరానిచో "సర్దుకొని పొమ్మ"ని పంపివేయుదుము. ఆ ఒక్క ప్రశ్న చాలదని మనవి చేయుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

జీడిపిక్కలు ఒలిచి భార్య తెచ్చిన కూలిని భర్త లాగుకొనును. కన్నవారింటికి పోనీయడు. ఇరుగుపొరుగుతో మాటాడిన అనుమానించును. తాను దూరదేశమునకు వలసపోయినను గంటగంటకు ఫోను చేసి "ఎక్కడ నుంటివి?" అని నిలదీయును. వీనిలో ప్రతిదియు విడిగా చిన్నదే. అన్నియు కూడిన అది చెర. ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలో 2015లో చేసిన చట్టము ఇట్టి కట్టడిని నేరముగా ఎంచినది. మన 2005 నాటి గృహహింస చట్టము సైతము దెబ్బలనేగాక, మాటలతో మనసును హింసించుటను, డబ్బు చేతికందనీయకుండుటను హింసగనే పేర్కొన్నది.

ఈ చెర ఎంతవరకు పోవును? బ్రిటనులో జేన్ మాంక్టన్ స్మిత్ అను ఆచార్యురాలు 372 హత్యలను పరిశీలించి, ఇవి క్షణికావేశమున జరిగినవి కావనియు, కట్టడితో మొదలై మెట్టుమెట్టుగా హత్యకు చేరినవనియు 2019లో తెల్పినది. భార్య విడిపోదలచిన సమయమే మిక్కిలి అపాయకరమైనది. 2023లో ప్రపంచమున సుమారు 51,100 మంది స్త్రీలు, బాలికలు భర్తల, సహచరుల లేక కుటుంబీకుల చేతులలో హతులైరని ఐక్యరాజ్యసమితి అంచనా. అనగా దినమునకు 140 మంది.

కావున రచ్చబండ కడ మనము చేయవలసినదేమి? ఆమెను భర్త యెదుట గాక, వేరుగా, మరియొక స్త్రీ సమక్షమున విచారింపుడు. గొంతు నులిమెనా, చంపుదునని బెదిరించెనా, వెంబడించుచున్నాడా అని అడుగుడు. వీనిలో ఏ ఒక్కటి యున్నను రాజీకై ఒత్తిడి చేయరాదు. ఆమె ఎక్కడికి పోదలచినదో, ఎప్పుడు పోదలచినదో ఆ మాట బయట పొక్కనీయరాదు. ప్రాణభయమున్నచో 112కు, సలహాకు, ఆశ్రయమునకు 181కి ఫోను చేయవచ్చును. హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును; సద్భావముతో తెల్పినవారిపై ఏ బాధ్యతయు ఉండదని చట్టమే చెప్పుచున్నది. ఇల్లు భర్త పేరనున్నను అందు నివసించు హక్కు ఆమెకు కలదు.

కాపురము నిలుపుట మంచిదే. కాని నిలుపవలసినది మొదట ప్రాణము. ఈసారి తగవు వచ్చినపుడు "కొట్టినాడా?" అని మాత్రమే అడుగక, "అమ్మా, నీకు భయమగుచున్నదా?" అని కూడ అడుగుడు. ఆమె చెప్పు జవాబును పూర్తిగా వినుడు.