ఆవిరి యేనుగు, కీలుగుఱ్ఱము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో మాట్లాడువారు సాధారణముగా క్రమశిక్షణను గూర్చియో, పరీక్షలను గూర్చియో చెప్పుదురు. నేను కథల పుస్తకములను గూర్చి మాట్లాడదలచితిని. అందులోను, పెద్దలు పలువురు కాలహరణమని త్రోసివేయు కథలను గూర్చి. దీనికి కారణమొకటి కలదు.

కొన్ని నెలల క్రిందట తొమ్మిదవ తరగతి బాలుడొకడు నాయొద్దకు వచ్చెను. వాని చేతిలో ఒక ఆంగ్ల పుస్తకముండెను. జూల్స్ వెర్న్ అను ఫ్రెంచి రచయిత 1880లో ప్రకటించిన నవలకు అది అనువాదము. దాని పేరును మనము 'ఆవిరి యిల్లు' అనవచ్చును. అందులో ఉక్కుతో చేసిన యేనుగొకటి కలదు. దాని కడుపులో ఆవిరియంత్రము. తొండమునుండి పొగ వెడలుచుండును. చక్రములపై నమర్చిన రెండు ఇండ్లను లాగుకొనుచు, అది కలకత్తానుండి బయలుదేరి ఉత్తర హిందూదేశమెల్ల తిరుగును. ఆ బాలుడు నన్నడిగిన ప్రశ్న యిది: "మాస్టరుగారూ, ఈ ఏనుగు ముందా, మన గుణుపురం రైలు ముందా?"

మరునాడు వాని తండ్రిగారు కనబడి, "ఈ పొగగొట్టాల కథలు చదివి మావాడేం బాగుపడతాడండీ? తెలుగు పద్యం ఒక్కటైనా నోటికి రాదు" అని వాపోయిరి. కుమారుని ప్రశ్నయు, తండ్రి బాధయు రెండును నాకు న్యాయముగనే తోచినవి. ఆ రెంటికిని కలిపి నేడు సమాధానము చెప్పుటకు ప్రయత్నించెదను.

ఇట్టి కథలకు నేడు 'స్టీమ్‌పంక్' అను పేరు వాడుకలో నున్నది. 1987లో కె. డబ్ల్యు. జీటర్ అను అమెరికా రచయిత ఒక పత్రికకు వ్రాసిన లేఖలో ఈ మాటను వేడుకగా కల్పించెను. విక్టోరియా రాణి 1837 మొదలు 1901 వరకు ఏలినది. ఆ కాలపు ఆవిరియంత్రములను, పండ్లచక్రములను, పొగగొట్టములను తీసికొని, వానితో ఆనాడు లేని విమానములను, మరమనుష్యులను, లెక్కలు వేయు యంత్రములను కల్పించి అల్లు సాహసకథలే యివి. కౌమారవయస్కులకై వ్రాయబడిన కథామాలికలు ఇందు చాల గలవు. ఫిలిప్ రీవ్ 2006లో ప్రకటించిన 'లార్క్‌లైట్'లో అక్కాతమ్ములైన ఇద్దరు తోబుట్టువులు ఆకాశమున తేలు పాతయింటిలో నివసింతురు. గెయిల్ కారిగర్ 2013లో ప్రారంభించిన మాలికలో బాలికల పాఠశాల యొకటి గాలియోడలో నెలకొని, మర్యాదలతోపాటు గూఢచర్యమును కూడ నేర్పును. మూలము మాత్రము పాతదే. 1868లోనే ఎడ్వర్డ్ ఎలిస్ అను అమెరికా రచయిత, ఒక బాలుడు ఆవిరితో నడచు ఇనుప మనిషిని నిర్మించినట్లు చవక వెల కథ వ్రాసియుండెను.

ఈ కథలు పిల్లలను ఎందుకు ఆకర్షించును? నాకు తోచిన కారణములు మూడు.

మొదటిది, ఇందలి యంత్రము తన గుట్టును దాచుకొనదు. నేడు ప్రతి యింటను ఉన్న చేతిఫోను ఎట్లు పనిచేయునో దానిని చూచి ఎవరును గ్రహింపలేరు. దానిని విప్పినను కంటికి కదలునది ఏదియు కానరాదు. ఆవిరియంత్రమట్లు కాదు. రాక్షసిబొగ్గు మండును, నీరు కాగును, ఆవిరియైన నీరు 1,600 రెట్లకు పైగా వ్యాపించును, ఆ బలము ముషలకమును త్రోయును, ముషలకము కడ్డీని, కడ్డీ చక్రమును త్రిప్పును. కారణమునుండి కార్యము వరకు కన్నులార చూడవచ్చును. చెడిపోయినచో సుత్తితోను, మరచుట్టుతోను బాగుచేయవచ్చును. 'ఇది నాకు అర్థమగును, నేనును చేయగలను' అను ధైర్యము బాలునకు కలుగును. విజ్ఞానశాస్త్రమునకు ఇంతకంటె మంచి గుమ్మము లేదు.

రెండవది, ఈ కథలలో పదునాలుగు, పదునైదేండ్లవారికి పెద్ద పని అప్పగింపబడును. ఓడ నడుపవలసిన వేళ పెద్దలు ఉండరు. నిర్ణయము పిల్లలే చేయవలెను. మన యింటిలో ఆ వయసువారికి మనమేమి అప్పగించుచున్నాము? మార్కులు తెచ్చు పని తప్ప మరేదియు లేదు. తమ యింట దొరకని బాధ్యతను వారు పుస్తకములో వెదకుకొనుచున్నారు.

మూడవది, చరిత్ర మరొక విధముగా నడచియుండవచ్చునను ఊహ. ఇది వట్టి ఊహయు కాదు. చార్లెస్ బాబేజ్ అను ఆంగ్లేయుడు 1830ల నాటికే పండ్లచక్రములతో ఏ లెక్కనైనను చేయగల యంత్రమునకు రూపకల్పన చేసెను. ఆ యంత్రమును వివరించుచు ఏడా లవ్‌లేస్ అను విదుషి 1843లో వ్రాసిన వ్యాఖ్యలే నేటి కంప్యూటరు శాస్త్రమునకు తొలి పాఠములలో నొకటి. ఆ యంత్రము పూర్తికాలేదు. అతని మరియొక గణనయంత్రమును 1991లో లండను విజ్ఞాన ప్రదర్శనశాలవారు ఆ పాత చిత్రముల ప్రకారమే నిర్మింపగా అది చక్కగా లెక్కలు చేసెను. "అది ఆనాడే పూర్తియైయుండినచో?" అని అడుగుటయే ఈ కథల బీజము.

కాని, సోదరులారా, మన పిల్లలు ఆ కాలమును గూర్చి చదువునప్పుడు మరియొక ప్రశ్నయు అడుగవలెను. ఆ పొగగొట్టముల మెరుగు క్రింద మన పూర్వులు ఎట్లుండిరి? 1866లో ఒరిస్సాను నఅంక కరవు పట్టినది. సుమారు పదిలక్షలమంది, జనాభాలో మూడవవంతు, అసువులు బాసిరి. ఆవిరియోడలు లేని కాలము కాదది. బియ్యము తెప్పించుటకు ప్రభుత్వము ఆలసించినది. తెప్పించిన బియ్యము వానకాలమున రేవులు దాటి లోపలికి చేరలేకపోయినది. యంత్రము ఉండుట వేరు, అది ఎవరి కొరకు కదలుననుట వేరు. 1877 జనవరి 1వ తేదీన విక్టోరియాను భారత చక్రవర్తినిగా చాటుచు ఢిల్లీలో దర్బారు జరిగినప్పుడు, మన మద్రాసు రాజధానిని క్షామము పీడించుచుండెను. ఆంగ్లమున వెలువడు కథామాలికలలో ఈ పుట తరచుగా కానరాదు. దానిని పిల్లలకు చూపవలసినవారము మనము.

అంతమాత్రమున ఆ పుస్తకములను దూరముగా నుంచుమని నేననను. చిత్రమేమనగా, ఈ సాహితీశాఖకు మూలపురుషునిగా చెప్పదగిన నాయకుడు భారతీయుడే. సముద్రగర్భమున 'నాటిలస్' అను విద్యున్నౌకను నడపు కెప్టెన్ నీమో పేరు మీలో కొందరు వినియుందురు. అతని కథను వెర్న్ 1870లో ముగించెను గాని, అతడెవరో అప్పుడు చెప్పలేదు. 1875లో ముగిసిన మరియొక నవలలో ఆ రహస్యము విప్పెను: అతడు బుందేల్‌ఖండపు రాజకుమారుడు డక్కర్, 1857 తిరుగుబాటులో పోరాడి, సర్వస్వము కోల్పోయినవాడు. ఆ రచయితయే తరువాత వ్రాసిన 'ఆవిరి యిల్లు'లో అదే తిరుగుబాటునకు నాయకుడైన నానాసాహెబును దుష్టునిగా చిత్రించెను. ఒకే సంగ్రామము ఒక పుస్తకమున వీరత్వమును, మరియొకదానిలో ద్రోహమును అయినది. ఈ తేడాను బాలుడు తానుగా గుర్తింపగలిగిననాడు వాడు కథనే కాదు, చరిత్రను కూడ చదువ నేర్చినవాడగును.

ఇక తండ్రిగారి బాధకు వత్తును. తెలుగున ఇట్టి ఊహలు లేవా? ఉక్కు ఏనుగు రాకముందే మన పేదరాసి పెద్దమ్మ కథలలో కీలుగుఱ్ఱము ఎగిరినది. పుష్పకవిమానము దేవతల వాహనము. తలచిన చాలును, కదలును. కీలుగుఱ్ఱమట్లు కాదు. కీలు త్రిప్పిననే పైకి లేచును, మరియొక కీలు త్రిప్పిననే దిగును. త్రిప్పుట తెలియనివాడు ఆకాశముననే చిక్కుకొనును. అనగా అది యంత్రము. 1949లో ఆ పేరనే తెలుగు చలనచిత్రము వచ్చి పెద్దలను, పిల్లలను అలరించినది. పదునొకండవ శతాబ్దమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరములో, ఒక వడ్రంగి తాను చేసిన మరహంసలను ధనాగారములోనికి పంపి రత్నములను తెప్పించుకొనును. ఆ వడ్రంగిది మన దక్షిణాపథపు కాంచీనగరమే. 1991లో వచ్చిన 'ఆదిత్య 369' చిత్రములో కాలయంత్రమెక్కి కృష్ణదేవరాయల సభకు పోయిన ముచ్చట మీలో చాలమందికి జ్ఞాపకముండును.

'చందమామ' మాటయు చెప్పవలెను. 1947 జూలైలో తెలుగు, తమిళములలో ఆరంభమైన ఆ పత్రిక ఒడియా యిండ్లలోనికి 'జహ్నమాము' అను పేరుతో వచ్చినది. 1954లో 'తోకచుక్క'తో మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యముగారు వ్రాసిన ధారావాహికల కొరకు ఎన్ని యిండ్లలో పిల్లలు పోట్లాడుకొనిరో! మన శ్రీకాకుళమున పుట్టిన వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రములను చూచి ఎందరు బొమ్మలు గీయ నేర్చిరో! ఆ పత్రిక నేడు వెలువడుట లేదు. ఆ ఖాళీ స్థానములోనికే ఆంగ్ల కథామాలికలు వచ్చినవి. కావున తప్పు పిల్లలది కాదు. ఆకలిగొన్నవాడు వడ్డించిన విస్తరియొద్దకు పోవును.

పోనీ, సాహసము కల్పనలోనే యుండవలెనా? మన ప్రక్కనున్న పర్లాకిమిడి సంగతి వినుడు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో జన్మించి, 1880లో, అనగా పదునేడేండ్ల ప్రాయమున, అక్కడ ఉపాధ్యాయులైరి. ఈ కొండలలోని సవరలతో వారి భాషలోనే మాట్లాడవలెనని సంకల్పించి, సవర మనిషినొకనిని ఇంట నుంచుకొని భాష నేర్చుకొనిరి. దానికి పుస్తకములు వ్రాసిరి. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టిరి. వారి సవర వ్యాకరణము 1931లో వెలువడినది. నౌపడానుండి పర్లాకిమిడికి చిన్న పొగబండి వచ్చిన 1900 నాటికి వారు ఆ యూర ఉపాధ్యాయులే. విక్టోరియా కాలపు మన్యము, క్రొత్తగా వచ్చిన పొగబండి, ఎవరును వ్రాయని భాషను వినుచున్న యువ ఉపాధ్యాయుడు — ఇంతకంటె మంచి సాహసకథకు ఏమి కావలెను? కాని మన బాలబాలికలలో ఎందరికి ఈ సంగతి తెలియును?

నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే. మన యిండ్లలో తెలుగు దేనికి మిగిలియున్నది? అన్నము పెట్టుటకు, కోప్పడుటకు, పండుగలకు. బడిలో పరీక్ష కొరకు. ఒడియా అంగడికి, కచేరీకి; ఆంగ్లము ఉద్యోగమునకు. మంచిది, అన్నియు కావలసినవే. కాని ఆశ్చర్యము, సాహసము, కలలు కూడ పరభాషలోనే దొరకినచో, తెలుగు ముసలివారి భాషయని బాలుడు నిశ్చయించుకొనును. అట్లు నిశ్చయించుకొన్నవానికి పద్యము నోటికి వచ్చినను నిలువదు. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు మాతృభాషయందు బోధన కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. చట్టము బడిలో చోటిచ్చును. పిల్లవాని ఊహలో చోటు మాత్రము మనమే ఇయ్యవలెను.

అందుకు మీరు చేయవలసిన పనులు చాల కష్టమైనవి కావు. పిల్లవాడు ఆంగ్లమున చదివిన కథను రాత్రి భోజనవేళ తెలుగున చెప్పించుకొనుడు. 'ముషలకము'నకు మాట దొరకక తడుముకొనినచో నవ్వకుడు. ఇద్దరును కలిసి మాట వెదకుడు. ఇంటిలోని తాతగారు, అమ్మమ్మగారు నౌపడా చిన్నబండి ఎక్కిన దినములను చెప్పగా పిల్లలచేత తెలుగున వ్రాయించుడు. రెండున్నర అడుగుల పట్టాలపై, వంశధార దిక్కుగా మెల్లగా సాగిన ఆ బండిని కన్నులార చూచినవారు ఇంకను మన నడుమ నున్నారు, ఎల్లకాలము ఉండరు. పిల్లలు వ్రాసిన వానిలో మంచివి వచ్చే యేటి సంచికలో అచ్చువేయుడని సంపాదకవర్గమును కోరుచున్నాను.

ఇక ఆ బాలుని ప్రశ్నకు సమాధానము. ఏనుగే ముందు. అది 1880లో కాగితముపై నడచినది. నౌపడా–పర్లాకిమిడి బండి 1900లో నడచినది. ఆ మార్గము 1929, 1931లలో రెండు విడతలుగా గుణుపురము వరకు వచ్చినది. 2004లో చిన్నబండి నిలిచిపోగా, 2011లో పెద్దపట్టాలపై గుణుపురమునకు మరల రైలు వచ్చినది. ఈ మాటలే వానికి చెప్పితిని. వాడు కొంతసేపు ఆలోచించి, "అయితే మన బండి మీద కథ ఎవరు రాశారండీ?" అని అడిగెను.

దానికి నాయొద్ద సమాధానము లేదు. వాని చేతికి ఒక తెల్లకాగితముల పుస్తకమును ఇచ్చితిని. మీ యింటిలోను అట్టి పుస్తకమొకటి ఉండవలెనని కోరుచున్నాను.