సంతకం ఎవరిది, శరీరం ఎవరిది?

(పాతబస్తీ మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య హక్కుల గురించి మాట్లాడమంటే ఈమె డిటెక్టివ్ నవల ఎత్తుకుందేమిటని అనుకోకండి. రాబిన్ కుక్ అనే అమెరికన్ డాక్టరు 1977లో ‘కోమా’ రాశాడు. బోస్టన్ ఆసుపత్రిలో గర్భసంచి శుభ్రం చేసే చిన్న ఆపరేషన్‌కు వచ్చిన యువతి మత్తులోంచి మళ్ళీ లేవదు. అలాంటి రోగులు ఇంకా ఉన్నారు. ఎందుకని అడిగింది సుసాన్ అనే వైద్య విద్యార్థిని ఒక్కతే. పెద్ద డాక్టర్లు ఆమెను కసురుకుంటారు. చివరికి ఆపరేషన్ థియేటర్‌లో విషవాయువు పంపి, అవయవాలు అమ్ముకుంటున్నారని తేలుతుంది.

మత్తుమందు మన ఊరికి కొత్త కాదు. క్లోరోఫాం ఎంత భద్రమో తేల్చడానికి 1888, 1889లలో హైదరాబాదులోనే రెండు కమిషన్లు పనిచేశాయి. ఆ రోజుల్లో ఇక్కడి వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలోనే తొలి మత్తు వైద్యురాళ్ళలో ఒకరు. స్త్రీ డాక్టరయింది. మరి రోగి అయిన స్త్రీకి ప్రశ్నించే హక్కు వచ్చిందా?

నవలలో నేరం చాటుగా జరిగింది. మన దగ్గర అన్యాయం పట్టపగలే జరిగింది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ కోసం స్త్రీలను పిలిచారు. అది ప్రయోగమని వాళ్ళకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ళ బాలికలకు హెచ్‌పీవీ టీకా అధ్యయనం మొదలైంది. 2013 పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ప్రకారం 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకం చేశారు. 1,948 మీద వేలిముద్రలున్నాయి. వేలిముద్ర వేయడం తప్పు కాదు. వేసిన తల్లికి ఆ కాగితం ఎవరైనా చదివి వినిపించారా అన్నదే ప్రశ్న. ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారిస్తుంది, నిజమే. మంచి మందయినంత మాత్రాన అడగకుండా ఇవ్వవచ్చా?

నవలలో దుర్మార్గుడు దొరికితే కథ కంచికి చేరుతుంది. ఇక్కడ అలాంటి దుర్మార్గుడు లేడు. అందరూ ‘మీ మంచికే’ అన్నవాళ్ళే. అందుకే మన పని కష్టం.

మన బస్తీలో ఎవరు ఆపరేషన్‌కు వెళ్ళినా మనలో ఒకరం తోడు వెళదాం. కాగితాన్ని ఉర్దూలోనో తెలుగులోనో చదివి చెప్పమందాం, నకలు అడుగుదాం. ఇది వైద్యమా, ప్రయోగమా అని అడుగుదాం. సుసాన్ ఒంటరిగా అడిగింది. మనం ఒంటరివాళ్ళం కాదు.