కొనేముందు అడగవలసిన మాట

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ శాఖల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాఫ్ట్‌వేరు కొనుగోలు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆజ్ఞాపించారు. నాకు కంప్యూటరు విద్య రాదు. ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి పెట్టింది కూడా మా మనవరాలే. అయితే ఉద్యోగంలో ఉండగా రెండుసార్లు కొనుగోలు కమిటీలో కూర్చున్నాను. అందులో ఒకసారి చేతులు కాల్చుకున్నాను. ఆ అర్హతతోనే మీ ముందు నిలబడ్డాను.

సంగతి మీకు తెలిసిందే. మన సభ్యుల వివరాలు మూడు ఊళ్ళలో మూడు రకాలుగా ఉన్నాయి. సూర్యాపేటలో లెడ్జరు, కోదాడలో అట్టపెట్టె నిండా కార్డులు, మిర్యాలగూడలో కోశాధికారి గారి నోటుబుక్కు, దానికి తోడు ఆయన జ్ఞాపకశక్తి. (నవ్వులు) వీటన్నిటినీ కంప్యూటరుకెక్కించాలని కమిటీ తలపెట్టింది. మంచిదే. పోయిన నెల ఒక కుర్రవాడు ల్యాప్‌టాప్ తెచ్చి తన సాఫ్ట్‌వేరు చూపించాడు. పేరు కొడితే ఫోటో వస్తుంది. పుట్టినరోజున పూలగుత్తి బొమ్మతో ఫోనుకు శుభాకాంక్షలు వెళతాయి. అందరం ముచ్చటపడ్డాము. నేను ఒక్క ప్రశ్న వేశాను. "బాబూ, సభ్యుడు కాలం చేస్తే ఇందులో ఏం చేయాలి?" అన్నాను. "డిలీట్ కొట్టడమే సార్" అన్నాడు.

ఆ అబ్బాయిని నేను తప్పుపట్టడం లేదు. అతనికి మనం చెప్పలేదు, అతను అడగలేదు. కాని మన కుటుంబాలకు ఈ సంఘంతో అసలు పని పడేది ఆ రోజునే కదా! ఫ్యామిలీ పెన్షన్ దరఖాస్తు, మరణ ధ్రువపత్రం, బ్యాంకులో పత్రాలు, ట్రెజరీకి ప్రయాణం, ఇవన్నీ ఆ ఇంటి ఇల్లాలి నెత్తిన ఒక్కసారిగా పడతాయి. సరిగ్గా అప్పుడే మన కంప్యూటరు ఆ ఇంటిని చెరిపేస్తుందన్నమాట.

మన సభ్యుడొకరి భార్య విషయం చెబుతాను, పేర్లు మార్చి. ఆమె పేరు పీపీఓలో లచ్చమ్మ, ఆధార్‌లో లక్ష్మి. ఆయన బతికి ఉన్నంతకాలం ఆ తేడా ఎవరికీ పట్టలేదు. ఆయన పోయాక ఇద్దరూ ఒకరేనని నిరూపించుకోవడానికి ఆమె నెలల తరబడి తిరిగింది. ఇంకొక చిక్కు చూడండి. 70 ఏళ్ళు నిండితే మన రాష్ట్రంలో అదనపు పెన్షన్ ఉన్నది. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేవారికీ అది వర్తిస్తుంది. అయితే ఆమె పుట్టిన తేదీకి కాగితం ఏది? పాత పీపీఓలు ఎన్నింటిలోనో భార్య పుట్టిన తేదీ గడి ఖాళీగానే ఉంటుంది. మన సాఫ్ట్‌వేరు పని ఆయన పుట్టినరోజుకు పూలు పంపడం కాదు. ఆయన ఉండగానే ఆమె పేరు, ఆమె తేదీ కాగితాల్లో సరిగా ఉన్నాయో లేదో గుర్తుచేయడం.

ఇటువంటివి ముందుగా అడిగి తెలుసుకుని కాగితం మీద పెట్టడాన్ని ఆ రంగంవారు రిక్వైర్‌మెంట్స్ సేకరణ అంటారు. మనం అవసరాల జాబితా అనుకుందాము. అమెరికాలో ఐబీఎం కంపెనీలో పెద్ద సాఫ్ట్‌వేరు పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ అనే ఆయన 1986లోనే ఒక వ్యాసంలో, ప్రోగ్రాము రాయడం కంటే ఏం రాయాలో తేల్చుకోవడమే కష్టమని వాదించాడు. అంత దూరం పోనక్కరలేదు, మన రిజిస్ట్రేషను ఆఫీసు కథ చాలు.

1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాల్లో 'కార్డ్' అనే కంప్యూటరు పద్ధతి ప్రారంభమైంది. ఆ శాఖ అధిపతిగా జె. సత్యనారాయణ గారు దానిని నడిపించారు. సాఫ్ట్‌వేరు కేంద్ర ప్రభుత్వ సంస్థ నిక్ తయారుచేసింది. అంతకుముందు ఎట్లా ఉండేదో ఈ హాల్లో చాలామందికి అనుభవమే. దస్తావేజు రిజిస్టరయ్యాక దానిని అక్షరం పొల్లుపోకుండా వాల్యూములో చేత్తో నకలు రాసేవారు. అది పూర్తయ్యేదాకా మన కాగితం మన చేతికి రాదు. ఈసీ కావాలంటే గుమాస్తా సూచిక పుస్తకాలు ఏడాదికేడాది తిరగేయాలి. భూమి విలువ ఎంతో మామూలు మనిషికి తెలియదు, లేఖరి చెప్పిందే లెక్క.

ఆ పనిని కంప్యూటరుకు అప్పగించాలంటే తెరమీద గడులు గీస్తే సరిపోదు. రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. నకలు చేత్తో రాస్తారనే ఊహతో రాసిన చట్టం. స్కానరు తీసిన బొమ్మ రేపు కోర్టులో చెల్లకపోతే కొన్నవాడి గతి ఏమిటి? అందుకని 1999లో రాష్ట్రం చట్టాన్నే సవరించింది. యంత్రం కొనడానికి చట్టం మార్చవలసి వస్తుందని ఏ అమ్మకందారుడూ చెప్పడు. అది పని తెలిసినవాడికే తడుతుంది.

ఇంకొకటి, పాత రికార్డు ఎంత వెనక్కి ఎక్కించాలి? అంతా ఎక్కించబోతే తరాలు పడుతుంది. ఎక్కడో ఒక గీత గీయక తప్పదు. ఆ గీత 1983 దగ్గర పడింది. ఈనాటికీ కంప్యూటరులో ఈసీ 1983 నుంచే వస్తుంది. మీ నాయనగారు 1979లో కొన్న ప్లాటు సంగతి కావాలంటే పాత పుస్తకాలు వెతికించుకోవలసిందే. ఎప్పుడో గీసిన గీత మన పిల్లలను ఇంకా నడిపిస్తున్నది. మన సంఘం కూడా అటువంటి గీత గీయబోతున్నది. కాలం చేసిన సభ్యుల కార్డులు ఎక్కించాలా, వద్దా? నా మటుకు నేను, వారి భార్యలు బతికి ఉన్న ప్రతి కార్డూ ఎక్కించాలంటాను.

కార్డ్ వల్ల నకలు రాసే బాధ తప్పింది, అది కాదనలేము. అయితే 2004లో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసంలో, కంప్యూటర్లు వచ్చినా మధ్యవర్తుల పెత్తనం, పైకం ఇవ్వడం పోలేదని తేల్చాడు. నా అభిప్రాయం చెప్పమంటే, దస్తావేజు ఎంత త్వరగా తేలాలన్నది అడిగారుగాని, జనం లేఖరి దగ్గరికి ఎందుకు వెళుతున్నారన్నది అంత గట్టిగా అడిగి ఉండరు.

ఇటీవలి ధరణి మాట మీ అందరికీ తెలుసు. 2020 అక్టోబరు 29న మొదలైంది. రికార్డులో తప్పు ఉండదనుకుని కట్టిన ఇల్లు అది. తప్పు దొర్లినవాడు ఏ కిటికీ దగ్గరికి పోవాలో మొదట సరిగా ఏర్పాటు లేదు. తరువాత ఒక్కొక్క మాడ్యూలు చేర్చుకుంటూ పోయారు. పహాణీలో మనం చూసుకునే అనుభవదారు కాలమ్ అందులో లేదు. చివరకు 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది, అప్పీలుకు దారి చట్టంలోనే పెట్టారు. నేను రాజకీయం మాట్లాడటం లేదు. పహాణీ రాసినవారు, సవరణ ఫైళ్ళు నడిపినవారు ఈ హాల్లోనే ఉన్నారు. వారిని అడిగితే ఏయే తప్పులు వస్తాయో ఒక పూటలో చెప్పి ఉండేవారు.

జీవన్ ప్రమాణ్ కూడా అంతే. 2014 నవంబరులో వచ్చింది. ఇంటి దగ్గర నుంచే బతికున్నామని రుజువు చేసుకోవచ్చంటే ఎంతో సంతోషించాము. తీరా వేలు పెడితే గీతలు అరిగిపోయాయి, మిషన్ ఒప్పుకోదు. జీవితకాలం పనిచేసిన వేళ్ళు మరి! ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి 2021 నవంబరులో చేరింది. మధ్యలో ఏడేళ్ళు. వాడేది ముసలివాళ్ళని తెలిసిన పనిలో ముసలి వేలును మొదటే తలచుకోవలసింది.

ఇంగ్లాండులో ఇంకా ఘోరం జరిగింది. అక్కడ పోస్టాఫీసుల్లో పెన్షన్లు, భత్యాలు కార్డు మీద ఇవ్వాలని 1996లో ఒక పథకం తలపెట్టారు. ఒకే సాఫ్ట్‌వేరుకు ఇద్దరు యజమానులు, సంక్షేమ శాఖ, పోస్టాఫీసు. ఇద్దరి అవసరాలూ కలవలేదు. 1999లో పెన్షను కార్డు రద్దయింది. మిగిలిన భాగమే హొరైజన్ అనే పేరుతో పోస్టాఫీసులకు లెక్కల సాఫ్ట్‌వేరైంది. అది లెక్క తప్పు చూపితే యంత్రాన్ని నమ్మి మనుషులను శిక్షించారు. 900 మందికి పైగా పోస్టుమాస్టర్లపై నేరం మోపి శిక్ష వేయించారు. 2024లో పార్లమెంటు చట్టం చేసి ఆ శిక్షలను మూకుమ్మడిగా కొట్టివేయవలసి వచ్చింది. "కంప్యూటరులో ఇట్లా ఉంది" అన్న మాట వింటే నాకు ఆ కథే గుర్తుకు వస్తుంది.

ఇప్పుడు నా చేతులు కాలిన సంగతి. ఆ ఆఫీసు పేరు చెప్పను. జీతాల బిల్లుల సాఫ్ట్‌వేరు కొన్నాము. అధికారులం హైదరాబాదులో చల్లని గదిలో కూర్చుని మూడు గంటల్లో అవసరాలు రాసిచ్చాము. బిల్లుల గుమాస్తాను పిలవలేదు. ఆ సాఫ్ట్‌వేరులో సస్పెన్షనులో ఉన్నవాడికిచ్చే జీవన భత్యానికి గడి లేదు. గుమాస్తా పాపం ఏం చేస్తాడు? సెలవు జీతం గడిలో వేసి నెట్టుకొచ్చాడు. కొన్నేళ్ళ తరువాత ఒక ఉద్యోగి రిటైరయినప్పుడు సర్వీసు లెక్క తేలలేదు, పెన్షను ఆగిపోయింది. ఆయన నా గది ముందు బెంచీ మీద కూర్చుని ఉండటం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. సంతకాలు చేసినవారిలో నేనూ ఒకడిని.

కనుక కమిటీవారికి నా మనవి. ముందు డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఒక్కొక్క ఊరిలో ఒక పూట కూర్చుని, ఫారాలు నింపిపెట్టే మన సభ్యుడి పక్కన కుర్చీ వేసుకుని ఆయన చేసేది చూడండి. ఎట్లా చేస్తారని అడిగితే ఆయన నియమం చెబుతాడు. "ఎప్పుడు ఇట్లా కుదరదు?" అని అడగండి, అప్పుడు అసలు విషయాలు బయటపడతాయి. కోదాడలో ఆంధ్రా ట్రెజరీల నుంచి పెన్షను తీసుకునేవారు కొందరున్నారు. 2014 తరువాత వారి పీఆర్సీ వేరు, కరువు భత్యం వేరు. 2016 అక్టోబరు నుంచి సూర్యాపేట, కోదాడ ఒక జిల్లా, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. కమ్యుటేషను 15 ఏళ్ళకు తిరిగి కలవాలి, ఆ తేదీ గుర్తుంచుకున్నవారు ఎందరు? విధవ కూతురు, అవివాహిత కూతురు ఉన్న ఇళ్ళున్నాయి. ఆ అబ్బాయి ఫారంలో "పిల్లలు: 1, 2" అని మాత్రమే ఉంది.

ఏది వద్దో కూడా రాసుకోవాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు సంఘానికి ఎందుకు? మన దగ్గర లేనిది మన దగ్గర నుంచి పోదు.

జాబితా సిద్ధమయ్యాక ఒప్పందం. మన వివరాలు మనవేనని, అడిగిన రోజున మామూలు పట్టికగా తీసి ఇవ్వాలని రాయించండి. రేపు ఆ కుర్రవాడు బెంగుళూరులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోతే మనం తాళంచెవి కోసం వెతుక్కోకూడదు. డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి, చివరి విడత పని చూసుకున్నాకే. ఏటా మరమ్మతు ఖర్చు ఎంతో ఇప్పుడే చెప్పించండి. ముందు ఒక్క మిర్యాలగూడలో మొదలుపెట్టి, మూడు నెలలు నోటుబుక్కు కూడా పక్కనే నడపండి. రెండూ కలిస్తే మిగతా రెండు ఊళ్ళకు వెళదాము. జాబితా అంతా రాశాక ఒక ఎక్సెల్ షీటు చాలునని తేలినా సిగ్గుపడనక్కరలేదు. మిగిలిన సొమ్ముతో వైద్య శిబిరం పెట్టుకోవచ్చు.

కార్యదర్శి గారు గంట చూపిస్తున్నారు. వచ్చే రెండో శనివారం నుంచి ఈ పని మొదలుపెడదామని అధ్యక్షులవారు ఒప్పుకున్నారు. ప్రతి సభ్యుడూ పీపీఓ జిరాక్సు, భార్య లేదా భర్త పేరు, పుట్టిన తేదీ చూపే కాగితం ఏదైనా ఒకటి తీసుకురావాలి. ఒంటరిగా రావద్దు, ఇంట్లోవారిని కూడా వెంటబెట్టుకు రండి. ఆమె పేరు ఎట్లా రాయాలో ఆమెనే అడుగుతాము.