దస్కతుకు ముందు

(కొడంగల్‌లో గ్రామ కార్యకర్తల కూడికలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



మనిషి ఎట్ల ఎదగాలె, కాలం బాగలేనప్పుడు నిర్ణయం ఎట్ల చెయ్యాలె అనే విషయం మీద మమ్మల్ని మాట్లాడమన్నరు. పట్నంల దీని మీద పైసలు తీసుకొని క్లాసులు చెప్పేటోళ్ళున్నరు. మన దిక్కు ఈ ముచ్చట క్లాసుల తేలదు, భూమి కాయితం కాడ తేలుతది. అందుకే మేము భూమి గురించే మాట్లాడుతం.

మా నాయనకు లావణి పట్టా కింద రెండెకరాల చెల్క ఉండె. కరువు ఏడు ఇంట్ల గింజ లేదు. ఊరి ఆసామి దగ్గర రెండు సంచుల జొన్నలు తెచ్చి, ఖాళీ కాయితం మీద ఏలుముద్ర ఏసి వచ్చిండు. ఎవరినీ అడగలే. అమ్మకు చెప్పలే. రెండేండ్లకు ఆ చెల్కల ఇంకొకని నాగలి దిగింది. ఇదేందని అడిగితే "అమ్ముకున్నవు గద" అన్నరు. ఆ చెల్కలనే మా నాయన కైకిలి చేసిండు.

అసైన్డ్ భూముల చట్టం 1977లోనే వచ్చింది. ఆ భూమిని అమ్మినా, కొన్నా చెల్లదని, కొన్నవాణ్ణి ఖాళీ చేయించి అసలు పట్టాదారుకే తిరిగి అప్పజెప్పవచ్చని అందులో రాసి ఉంది. మా ఇంట్ల ఈ సంగతి తెలిసింది మేము డిగ్రీ చదివినంక. అప్పటికి నాయన లేడు. నాయన తెలివి తక్కువోడని మేము అనం. ఆకలి, భయం, తొందర ఒక్క దినమే ఇంట్లకొస్తే ఎంతటోడైనా ఏలు ముందుకు చాపుతడు. ఈ సంగతి దొరలకు చట్టం కన్నా బాగ ఎరుక.

ఇప్పటి ముచ్చటకు వద్దాం. 2024ల మన దుద్యాల మండలంల ఏం జరిగిందో మీకు తెలుసు. లగచర్ల, హకీంపేట, పోలేపల్లి, రోటిబండ తండా, పులిచెర్లకుంట తండా భూములు ఫార్మా కంపెనీలకన్నరు. అందులో పట్టా భూములున్నయి, పేదలకిచ్చిన అసైన్డ్ భూములూ ఉన్నయి. నవంబర్ 11న ప్రజాభిప్రాయ సేకరణ నాడు లొల్లి అయింది. కేసులు, అరెస్టులు, జైలు. ఆ నెల ఆఖరుకు ప్రభుత్వమే ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి తీసుకుంది. అయిపాయె అనుకునేలోపల పారిశ్రామిక పార్కు పేరుతోటి ఆ ఊర్లకే ఇంకో నోటిఫికేషన్ వచ్చింది. దస్కతు పెట్టినోడు ఏ కాయితానికి పెట్టినట్టు? వద్దన్నోడు ఏ కాయితాన్ని వద్దన్నట్టు?

ఆ దినాలల్ల ఒక ముసలమ్మ కొడుకును ఎంటబెట్టుకొని మా ఇంటికొచ్చింది. "సారూ, దస్కతు పెట్టాల్నా, వద్దా?" మేము కాయితం కూడా చూడలే. "పెట్టొద్దు" అని కుర్చీల కూసుండే చెప్పినం. ఉద్యమంల ఉన్నోళ్ళం గద, ఇంకేం చెప్తం! ఆమె లేవలే. "పెడితే ఏం పోతది, పెట్టకుంటే ఏం పోతది, రెండూ చెప్పు బిడ్డా" అన్నది.

మా దగ్గర జవాబు లేదు. ఒకటో తారీఖుకు జీతం వచ్చేటోళ్ళకు "వద్దు" అనుడు అగ్గువ. కొడుకు మీద కేసైతే కోర్టుకు ఎన్నిమాట్ల తిరగాలె, ఎన్ని కూలీలు పోతయి, ఆ లెక్క మేము ఎయ్యలే. ఆ రాత్రి మాకు సిగ్గయింది. "తెలవదు, చదివి చెప్తం" అనే మాట నేర్చుకునేటందుకు డిగ్రీ, బీఎడ్, ఇన్నేండ్ల నౌకరీ సాలలే.

అప్పుడు చదివినం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చినంక 60 దినాలలోపల అభ్యంతరం రాసి ఇయ్యొచ్చు. ప్రభుత్వం ఇచ్చిన భూమి సాగు చేసుకునే కుటుంబం కూడా ఆ చట్టం లెక్కల నష్టపోయిన కుటుంబమే. "సర్కారు భూమి, సర్కారే తీసుకుంటది, మీకేం హక్కు" అనేటోళ్ళకు జవాబు మన పక్కన చేవెళ్ల కేసుల ఉంది. అసైన్డ్ భూమికి కూడా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇయ్యాలని 2004ల హైకోర్టు పెద్ద బెంచి తీర్పు చెప్పింది. ఇంకోదిక్కు, 2017ల మన రాష్ట్రం చేసిన సవరణ ఉంది. ఇష్టపూర్వక ఒప్పందం కింద భూమి తీసుకోవచ్చంటది. ఆ ఒప్పందం మీద దస్కతు పడ్డదంటే తర్వాత ఎక్కువ కావాలని కొట్లాడుడు కష్టం. పెడితే పోయేది అది. పెట్టకుంటే పోయేది కూడా ఆమెకు దాచకుండ చెప్పినం: భూమి ఆగుతదని భరోసా లేదు, తిరుగుడు ఉంటది, భయం ఉంటది. నిర్ణయం ఆమెది, ఆమె కొడుకుది.

బాబాసాహెబ్ సంగతి చూడండ్రి. హిందువుగ చావనని 1935 అక్టోబర్ 13న యేవలాల చెప్పిండు. మా మతంలకు రమ్మని పిలిచినోళ్ళు తక్కువ లేరు. ఆయన ఉరకలే. 1936ల బొంబాయిల తన మహర్ జనాన్ని కూడగట్టి వాళ్ళ ముందు మాట పెట్టిండు. చదివిండు, తూకమేసిండు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌ల బౌద్ధం తీసుకున్నడు. ఇడిసిపెడతనని ఒక్క సభల చెప్పిన మనిషికి యాడికి పోవాల్నో తేల్చుకునేటందుకు 21 ఏండ్లు పట్టింది. మనకు అన్నేండ్లు ఎవరిస్తరు? అరవై దినాలిస్తరు. ఆ అరవైల యాభై మనం గుసగుసలల్లనే పోగొడుతున్నం.

ఇంకో మాట, మొగోళ్ళకు నచ్చదు. మా చెల్కల కలుపు తీసింది మా అమ్మ. "ఒక్కమాట నాకు చెప్తే నా వెండి కడియాలు కుదువ పెడుతుంటి" అని సచ్చేదాక అన్నది. కడియాలు ఉన్నయని నాయనకు ఎరుకే. అడగాలని తోచలే. దళిత సంఘం మీటింగులల్ల కూడా ఆడోళ్ళు ఎనకనే కూసుంటున్నరు, ఇయ్యాల కూడా అంతే. చూడండ్రి.

వచ్చే ఆదివారం పొద్దున ఇక్కడనే కూసుందాం. లావణి పట్టా, పాత పహాణీ నకలు, పాసుబుక్కు, ఏది ఉంటే అది తెచ్చుకోండ్రి. మన కొడంగల్ 1956 దాక గుల్బర్గా జిల్లా, తర్వాత మహబూబ్‌నగర్, 2016 నుంచి వికారాబాద్. పహాణీ మీదికి 2020ల ధరణి వచ్చె, అది పోయి 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చె. ఎవరి పేరు యాడ జారిపోయిందో ఒక్కొక్కటే చూడాలె, దినమంత పడుతది, సద్ది కట్టుకొని రండ్రి. ఇంటి ఆడమనిషిని తీసుకరానోళ్ళ కాయితం మేము ముట్టం. ఆ ముసలమ్మ కూడా వస్తనన్నది. ముందల చాప ఆమెకు.

జై భీమ్.